లవంగాల వాసన

ఆ బీమా సంస్థ క్లెయిముల విభాగంలో ఆమెను అందరూ ఓదార్పక్క అనేవాళ్లు. మొదట్లో ఎవరో వెటకారానికి అన్న మాట, తర్వాత అదే పేరైపోయింది. పాలసీ తీసుకున్న మనిషి కొద్దికాలానికే పోతే, సొమ్ము ఇచ్చేముందు సంస్థ ఆ ఇంటికి ఒకర్ని పంపి విచారణ చేయిస్తుంది. మిగతా వాళ్లు వెళ్తే తలుపు తీసినవాళ్ల ముఖాలు బిగుసుకుపోయేవి. ఓదార్పక్క వెళ్తే దుమ్ము దులిపి కుర్చీ వేసేవాళ్లు. ఆమె వెళ్లగానే కాగితాలు తీసేది కాదు. ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల ఏడుపు తీరేదాకా ఓపిక పట్టేది. అందులో నటన లేదు. ఎదుటివాళ్లు ఏడిస్తే ఆమె కళ్లు నిజంగానే చెమ్మగిల్లేవి. ఆ కళ్లు తుడుచుకుంటూనే తనకు కావాల్సిన మాట వినేది.

మెట్లెక్కీ దిగీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఈసారి ఉప మేనేజర్ పోస్టు వస్తే ఇక ఇళ్లచుట్టూ తిరగక్కర్లేదు, ఆఫీసులో కుర్చీ దొరుకుతుంది. ఆ ఆశతో ఉన్న రోజుల్లోనే లిఫ్టు మెకానిక్ క్లెయిము ఆమె చేతికొచ్చింది.

మెకానిక్‌కి నలభై కూడా నిండలేదు. ఎవరిదో భవనంలో లిఫ్టు బాగుచేస్తూ గుండె ఆగి, పట్టుకున్న స్పానర్ పట్టుకున్నట్టే ఒరిగిపోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు. కింద తమ్ముడి లాండ్రీ దుకాణం, పైన రెండు గదుల్లో అందరి కాపురం.

ఓదార్పక్క ముందు దుకాణంలోకే వెళ్లింది. తమ్ముడు ఆవిరి మధ్య నిలబడి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. అన్న పోయిన ఇంట్లో కూడా గిరాకీ బట్టలు ఆగవు కదా.

"మీ అన్నయ్యకి అలవాట్లేమైనా ఉండేవా బాబూ?" అని మెల్లగా అడిగింది.

"మా అన్నయ్యకా? సిగరెట్ పొగ వస్తే వీధి అవతలికెళ్లి నడిచే రకం అండీ. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లెందుకులే. అడగడం నా పని, అంతే."

అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె ఎందుకడిగిందో అతనికి తెలుసు. అతనెందుకు ఒట్టు పెట్టాడో ఆమెకీ తెలుసు. అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుని, సంతకం తీసుకుని మేడెక్కింది.

మెకానిక్ భార్య మంచం మీద భర్త చొక్కాలు ముందేసుకుని కూర్చుంది. ఏవి ఉంచాలో ఏవి ఇచ్చెయ్యాలో తేలక పొద్దుటినుంచీ అవే మడతలు విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. ఓదార్పక్క పక్కన కూర్చుని ఒక చొక్కా అందుకుని తనూ మడతపెట్టింది.

"నన్ను ఆఫీసు మనిషి అనుకోకమ్మా. ఆయన గురించి నీకేం గుర్తొస్తే అది చెప్పు."

ఆ మాటతో కట్ట తెగింది. ఆయన కోపం, ఆయన గురక, కూతురికి జడ వేయబోయి చిక్కులు చేసిపెట్టిన వైనం అన్నీ చెప్పుకొచ్చింది. మీరు అన్నది కాస్తా ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరికీ తెలియలేదు.

"ఇంకో సంగతి చెప్పనా అక్కా? పని ఎక్కువైన రోజున దొంగచాటుగా ఒక సిగరెట్ కాల్చి వచ్చేవాడు. నాకు తెలీకూడదని దారిలో లవంగాలు నమిలేవాడు. పిచ్చి మనిషి! లవంగాల వాసన రాగానే నాకు తెలిసిపోయేది. కళ్లారా చూడలేదులే. అడగనూ లేదు. దాచుకున్నానని మురిసిపోతున్నాడు కదా, మురవనీ అనుకునేదాన్ని."

అంటూనే నవ్వేసింది. భర్త పోయాక అదే మొదటి నవ్వు. నవ్వినందుకు భయపడి వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఓదార్పక్క ఆమె భుజం నిమిరింది. కాసేపాగి, సంచిలోంచి కాగితం తీసి నాలుగు వాక్యాలు రాసింది.

"చెప్పింది రాశాను. ఒకసారి చదువుకుని సంతకం పెట్టు."

"నువ్వు రాసింది నేను చదవాలా అక్కా?" అని ఆమె సంతకం పెట్టేసింది.

పాలసీ అమ్మిన ఏజెంటు, దరఖాస్తులో పొగతాగే అలవాటు లేదని తనే రాసేసి మెకానిక్ చేత సంతకం పెట్టించుకున్నాడు. ఎప్పుడైనా ఒకటి కాల్చినా లేదని రాయడం తప్పే. క్లెయిము కొట్టేయడానికి ఆ ఒక్క తప్పు చాలు సంస్థకి.

ఓదార్పక్క ఆ నివేదికని వెంటనే పంపలేకపోయింది. చివర విచారణాధికారి అభిప్రాయం అని కొంచెం చోటుంటుంది. 'ఇది భార్య ఊహ మాత్రమే, కళ్లారా చూడలేదని ఆమే చెప్పింది' అని అక్కడ రాస్తే క్లెయిము నిలబడే అవకాశం ఉంది. రాయాలా వద్దా అని నలిగి నలిగి మేనేజర్ గదిలోకి వెళ్లింది. ఆయన కుర్చీ వెనకాల గోడమీద సంస్థ విలువలు పెద్దక్షరాల్లో ఉన్నాయి: నిజాయితీ, సానుభూతి, గోప్యత.

మేనేజర్ నవ్వుముఖం మనిషి. నివేదిక చదివి కళ్లజోడు తీశాడు.

"లవంగాలు! భలే పట్టావమ్మా. ఇంకెవరికైనా ఈ మాట దొరికేదా?"

"ఆమె చూడలేదు సర్. వాసనని బట్టి అనుకుంది. అభిప్రాయంలో అది రాద్దామని..."

"చూడమ్మా, నిన్ను అబద్ధం రాయమన్నానా? ఎప్పుడూ అనను. ఆమె అనని మాట ఒక్కటీ రాయకు. కానీ అభిప్రాయం రాసి తీరాలని మన రూల్లో ఎక్కడుంది? నీకు ఖచ్చితంగా తెలియని విషయం మీద నీ అభిప్రాయం దేనికి?" కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఉప మేనేజర్ పోస్టుకి పేర్లు పంపాలి. భావావేశంతో నిర్ణయాలు తీసుకోని మనిషి కావాలంటున్నారు పైవాళ్లు."

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి ఆ చోటు ఖాళీగా వదిలేసి నివేదిక పంపేసింది.

క్లెయిము తిరస్కరిస్తూ ఉత్తరం వెళ్లింది. కుటుంబ సభ్యుల వాంగ్మూలం వల్ల మృతుడికి పొగతాగే అలవాటున్నట్టు తేలిందని అందులో ఉంది. ఏ సభ్యులో లేదు.

మెకానిక్ భార్యకి మరిది మీద తప్ప ఇంకెవరి మీదా అనుమానం పోలేదు. అక్క మొదట మాట్లాడింది అతనితోనే కదా! సొమ్ము చేతికొస్తే వదిన వేరు కాపురం పెడుతుంది, దుకాణంలో జీతంలేని మనిషి పోతుంది, అందుకే చెప్పుంటాడని చుట్టాలు కూడా నిప్పుమీద నెయ్యి పోశారు. ఆమె మేడ దిగొచ్చి, గిరాకీలంతా చూస్తుండగా దుకాణం మధ్యలో నిలబడింది.

"తోడబుట్టినవాడి పిల్లల నోట్లో మన్ను కొట్టావు కదరా! నీ చేతులు పడిపోను!"

"వదినా, నేనలా చెప్పలేదు. నా మాట విను."

"ఇంకా అబద్ధమే! నీకూ పిల్లలున్నారు. చూస్తాడు పైవాడు."

పిల్లల మీద ఒట్టు పెట్టిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె పిల్లల్ని తీసుకుని ఊరి చివర ఒంటిగదిలో దిగింది. అతను పంపిన బియ్యం మూటని గుమ్మం బయటే వదిలేసింది.

మరిది ఓదార్పక్క ఆఫీసుకొచ్చాడు.

"నేనేం చెప్పానో మీకు తెలుసు కదండీ. ఒక్క మాట మా వదినకి చెప్పండి. డబ్బు రాకపోతే పోనివ్వండి. నేను చెప్పలేదని చెప్పండి చాలు."

ఓదార్పక్క ముందున్న ఫైలు మూసింది. చెబితే, మరి ఎవరు చెప్పారన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

"విచారణలో ఎవరేం చెప్పారో బయటికి చెప్పకూడదు బాబూ. గోప్యత మా నియమం. మీరేం చెప్పారో కూడా నేనెవరికీ చెప్పలేదు కదా."

అతను లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మెకానిక్ భార్య వచ్చింది. పైవాళ్లతో అక్క ఎంత పోరాడి ఉంటుందోనని ఆమె నమ్మకం. పునఃపరిశీలనకి అర్జీ రాసిపెట్టమంది. ఓదార్పక్క చక్కటి చేతిరాతతో రాసిపెట్టింది, దారి ఖర్చులకి ఇవ్వబోయింది కూడా. ఆమె పుచ్చుకోలేదు. "నువ్వు చేసిందే చాలక్కా" అంది.

అర్జీ విచారణకొచ్చిన రోజున కమిటీ గదిలో పొడవాటి బల్లకి ఒక పక్క ముగ్గురు పెద్దలు, వాళ్లకి ఒక చివర మేనేజర్, ఇంకో చివర ఓదార్పక్క. ఎదురుగా మెకానిక్ భార్య, ఆమెకి దూరంగా మరిది. అతన్ని కూడా రమ్మని సంస్థే పిలిచింది. అధ్యక్షుడు రెండు వాంగ్మూలాలూ చదివించాడు. మొదట మరిదిది: మా అన్నయ్య జీవితంలో సిగరెట్ ముట్టలేదు, నా పిల్లల మీద ఒట్టు.

మెకానిక్ భార్య తల తిప్పి మరిదిని చూసింది. అతను బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత రెండోది చదివారు. లవంగాలు అన్న మాట వినపడగానే ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఈ మాటలు మీవేనా? సంతకం మీదేనా?"

ఆమె అధ్యక్షుడి మీంచి చూపు తిప్పింది. ఓదార్పక్కని చూసింది.

"అక్కా, అది నీకు కదా చెప్పాను. వీళ్లకి కాదు కదా."

మరిది లేచి నిలబడ్డాడు. "అయ్యా, మా వదిన అప్పుడు మామూలుగా లేదు. ఏం మాట్లాడిందో తనకే తెలీదు. అన్నయ్య పంటినొప్పికి నమిలేవాడు లవంగాలు."

అధ్యక్షుడు మంచివాడే. అందుకే ఓదార్పక్క వైపు తిరిగాడు. "వాంగ్మూలం తీసుకుంది మీరు. అప్పుడు ఈవిడ స్థితి ఏమిటి? తెలిసే చెప్పారా, దుఃఖంలో ఏదో అన్నారా? మీరు ఎలా అంటే అలా."

కళ్లారా చూడలేదని ఆమె అన్న మాట ఓదార్పక్క నాలుక చివరదాకా వచ్చింది. అది చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని అడుగుతారు. బల్ల అవతలి చివరనుంచి మేనేజర్ నవ్వుముఖంతో చూస్తున్నాడు.

"తెలిసే చెప్పింది సర్. నవ్వుతూ చెప్పింది."

అధ్యక్షుడు పెన్ను మూత పెట్టేశాడు.

మెట్లమీద మెకానిక్ భార్య మరిది వెనకాల పరుగులాంటి నడక నడిచింది. "తమ్ముడూ, ఆగు. నేను నిన్ను... నా నోరు పడిపోను."

అతను ఆగాడు కానీ వెనక్కి తిరగలేదు.

"నీ కోసం నా పిల్లల మీద దొంగ ఒట్టు పెట్టాను వదినా. నువ్వు వాళ్లని శపించి వెళ్లిన రాత్రి చిన్నాడికి జ్వరమొచ్చింది. తగ్గిందిలే. కానీ ఆ రాత్రంతా మా ఆవిడ నన్ను చూసిన చూపు తగ్గలేదు. నువ్వు మా ఇంటికి రాకు."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. అతను వీధిలోకి దిగి వెళ్లిపోయాడు.

ఓదార్పక్కకి ఉప మేనేజర్ పోస్టు వచ్చింది. నెల తిరక్కుండానే మెకానిక్ భార్య ఆఫీసుకొచ్చింది. తిట్టడానికని భయపడింది ఓదార్పక్క. ఆమె వచ్చింది పని అడగడానికి. ఇంకెవరిని అడగాలో ఆమెకి తెలీదు. ఓదార్పక్క శుభ్రం చేయించే కాంట్రాక్టరుకి ఫోన్ చేసి తమ ఆఫీసున్న అంతస్తులోనే తుడిచే పని ఇప్పించింది. సంగతి విని మేనేజర్ పొంగిపోయాడు. క్లెయిము ఇవ్వలేకపోయినా కుటుంబాన్ని ఆదుకున్న సంస్థ అని ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీయించి, పటం కట్టించి, లిఫ్టు ఎదురుగా గోడకి తగిలించాడు. పొద్దున్నే ఆ పటం అద్దం తుడవడం కూడా ఆమె పనే.

ఆమె ఇప్పుడు అక్కా అనేది కాదు. "కాళ్లు కాస్త పైకి పెట్టుకోండి మేడమ్" అనేది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బకెట్ ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు వరండాలో వినగానే ఓదార్పక్కకి చేతిలో పెన్ను ఆగిపోయేది. కొన్నాళ్లు ఓర్చుకుంది. ఇక తట్టుకోలేక కాంట్రాక్టరుతో, "ఆమెని వేరే అంతస్తుకి మార్చగలరా?" అంది.

మర్నాడు బకెట్ చప్పుడు లేదు. ఇంకెవరో కొత్తమనిషి తుడుస్తోంది. ఓదార్పక్క ఫోన్ చేసింది.

"ఏ అంతస్తుకి వేశారు ఆవిడని?"

"తీసేశాం మేడమ్. మీకే నచ్చలేదంటే ఏదో చేసే ఉంటుంది. అలాంటివాళ్లని ఇంకో చోట మాత్రం ఎలా పెట్టుకుంటాం?"

అలా కాదు, ఆమె ఏ తప్పూ చేయలేదు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కాంట్రాక్టరు లైనులో ఎదురుచూస్తున్నాడు.

"సరేలెండి" అని ఓదార్పక్క ఫోన్ పెట్టేసింది. వరండా ప్రశాంతంగా ఉంది. ఆ రోజు ఆమెకి పని చకచకా సాగింది, భోజనం వేళకే బల్ల ఖాళీ అయింది.