మిల్లు దొడ్లో పది అంకణాలు

దస్తావేజులు రాసేవాళ్లకు ఒక పాడలవాటు ఉంది. హద్దులూ కొలతలూ ఉండే షెడ్యూలును స్థలానికి పోయి చూసి రాయరు, పాత కాగితంలో ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. కొనేవాళ్లేమైనా తక్కువ తిన్నారా, ఆ షెడ్యూలు తప్ప ఇంకో పేజీ తిప్పరు. ఆత్మకూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట నలభై ఏళ్లుగా బల్ల వేసుకున్న జనార్దనయ్యకూ ఆ అలవాటు ఉంది. అడిగితే ఒప్పుకోడు, అంతే.

ఆ సోమవారం ఆయన బల్ల మీదికి మూతపడిన వేరుశనగ నూనె మిల్లు కాగితాలు వచ్చాయి. మిల్లు కట్టింది నారాయణయ్య. 1989లో దాన్ని రాజమోహన్ తండ్రికి అమ్మాడు. తండ్రి పోయాక పంపకంలో రాజమోహన్‌కు వచ్చింది. ఇప్పుడు ఉదయగిరి సురేశ్‌బాబు కొని కల్యాణమండపం కడతాడట. కాగితాలన్నీ వరసగానే ఉన్నాయి. అడ్డల్లా వెంగమ్మే.

వెంగమ్మ మిల్లు దొడ్డి మూలన రేకుల ఇంట్లో ఉంటుంది. ఇన్నేళ్లూ ఎవరూ ఆమెను కదిలించలేదు. మొగుడు మాలకొండయ్య చెయ్యి మిల్లు బెల్టులో పడి నలిగిపోతే, ఆ మూల పది అంకణాల జాగా నారాయణయ్య తమకు ఇచ్చాడని ఆమె మాట. చేతిలో కాగితం లేదు. నెలాఖరుకు ఖాళీ చేయమని సురేశ్‌బాబు చెప్పేసరికి పొద్దున్నే వచ్చి జనార్దనయ్య బల్ల పక్కన కూర్చుంది. షెడ్యూలులో మిల్లు మొత్తం ఉందనీ, ఆమె మూలను ఎక్కడా మినహాయించలేదనీ ఆయన విసుక్కుంటూ చెప్పాడు. ఆమె లేవలేదు.

సరే, చదివి వినిపిస్తే పోతుందిలే అని 1989 నాటి దస్తావేజు తెరిచాడు. దస్తూరి తనదే. మూడో పేజీలో నోరు ఆగిపోయింది. 'ఈశాన్య మూల పది అంకణాలు మాలకొండయ్యకు ఇచ్చినందున అది మినహా మిగిలిన యావత్తూ' అని తన చేత్తోనే రాసి ఉంది. అంటే నారాయణయ్య చెప్పాడు, తను రాశాడు. మరి షెడ్యూలు? మిల్లు కట్టకముందు స్థలం కొన్నప్పటి కాగితం నుంచి దించేశాడు. ఆ మూల మిగతా స్థలంలో కలిసిపోయింది. తర్వాతి పంపకం కాగితమూ దీన్ని చూసి దించిందే.

కాగితం మూసేస్తే పీడా పోతుంది, మూడో పేజీ ఎవరు తిప్పబోయారు? చూపిస్తే మాత్రం ఇన్నేళ్లుగా తను రాసిన ప్రతి దస్తావేజు మీదా అనుమానం పుడుతుంది. జనార్దనయ్య రాస్తే తిరుగుండదు అనిపించుకున్న పేరు మధ్యాహ్నానికల్లా బజారున పడుతుంది. భయమేసింది. మూసేద్దామని ఒక్క క్షణమైనా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సురేశ్‌బాబూ రాజమోహనూ కారు దిగి రాగానే, వాళ్లను కూర్చోమనకుండానే ఆ పేజీ చదివి వినిపించాడు. షెడ్యూలులో తప్పు తనదేనన్నాడు.

"నలభై ఏండ్లనుంచి రాస్తా ఉండావు. ఏంది పెద్దాయనా ఇది?" అన్నాడు సురేశ్‌బాబు. ఇంకో లేఖరి దగ్గర రాయించుకుంటానని కాగితాలు లాక్కున్నాడు. రాజమోహన్ వాటిని మళ్లీ తీసుకుని మూడో పేజీ రెండుసార్లు చదువుకున్నాడు. ఎవరి చేత రాయించినా ఆ మూల వదిలే రాయించాలనీ, తన తండ్రి కొనని స్థలాన్ని తను అమ్మలేననీ తేల్చి చెప్పాడు. సురేశ్‌బాబు కాసేపు గొణిగి, కొలతలకు మనిషిని పిలవడానికి ఫోను తీశాడు.

వెంగమ్మకు ఇల్లు దక్కింది. జనార్దనయ్య ఆమె తిట్టే తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు. ఆమె ఆ వాక్యం ఇంకోసారి చదవమంది. చదివాడు.

"అయితే నారాయణయ్య మాట తప్పలేదా?"

లేదన్నాడు.

"అమ్మిన కొలతల్లో మా మూల కూడా ఉందంటే, మాకిచ్చిన చోటు ఆయనే అమ్ముకున్నాడని అనుకున్నాం. ఆయన చచ్చిపోతే శవాన్ని చూడ్డానికి కూడా మా ఇంటాయన పోలా. నన్నూ పోనీలా."