వెదురుకత్తి కింద కురామోచి

ఇగా పట్టణంలో మట్టికుండలు అమ్మే కురామోచి చేతిలో మొదట ఉన్నవి ఇవీ: కొట్టు పైఅంతస్తులో కొత్త చాపలు పరిచిన గది, నిన్‌జుత్సు అనే నింజా విద్య నేర్చుకుంటామని మాటిచ్చిన ఇరుగుపొరుగు, చప్పుడు కాకుండా దొర్లీ దొర్లీ అరిగిన మోకాళ్ళు, షిదోషి-హో అనే బిరుదు. అంటే సహాయ గురువు. ఇంకొకరి పేరు మీద తప్ప శిష్యుల్ని చేర్చుకోకూడదు. షిదోషి, అంటే పూర్తి గురువు అయితే గుమ్మానికి తన పేరే కట్టుకోవచ్చు.

దానికి పరీక్ష ఒక్కటే. కళ్ళు మూసుకుని మడమల మీద కూర్చోవాలి. గురువు వెనక వెదురుకత్తి ఎత్తి నిలబడతాడు. దెబ్బ దిగే క్షణాన పక్కకు దొర్లాలి. ముందు కదిలినా తప్పే.

కురామోచి ఎప్పుడూ ముందే కదిలేవాడు. ఎదుటివాడు నోరు తెరవకముందే ధర పసిగట్టే మనిషి. నేలచెక్క కిర్రుమంటే చాలు, ‘ఇదిగో వేశాడు’ అని లెక్క కట్టి దొర్లేవాడు. కళ్ళు తెరిస్తే కత్తి గాల్లోనే ఉండేది. ఈ వసంతంలోనూ అంతే.

“బేరం మొదలవనేలేదు, అప్పుడే దుకాణం కట్టేశావేమయ్యా!” అన్నాడు ముసలి యాబూచి గురువు. అందరూ నవ్వారు.

“మీరు ఊపిరి బిగబట్టినట్టు వినబడింది గురువుగారూ.”

“నాకు ఉబ్బసం. రోజంతా అలాగే వినబడుతుంది.”

తర్వాత నేజు కూర్చుంది. నూడుల్స్ కొట్టు అమ్మాయి. దొర్లడం ఆమెకు నేర్పింది కురామోచే. కత్తి చాపకు తగిలేసరికి ఆమె అక్కడ లేదు. షిదోషి అయిపోయింది.

“ఎలా కదిలావే?” అన్నాడు కురామోచి.

“తెలీదు బాబాయ్. పులుసులో ఉప్పేశానా లేదా అని ఆలోచిస్తున్నా.”

అతని ఒళ్ళు మండింది. “నేను మళ్ళీ కూర్చుంటా” అన్నాడు. ఈసారి ఏం వినబడినా కదలకూడదని పళ్ళు బిగబట్టాడు. చెక్క కిర్రుమంది. కదలలేదు. ఊపిరి ఆగింది. కదలలేదు. నడినెత్తిన ఠపీమని పడింది.

“ఇది నయం. ఇన్నాళ్ళకు ముందే పారిపోకుండా కూర్చున్నావు” అన్నాడు గురువు.

“మరి బిరుదు?”

“బొప్పి కట్టిందిగా, ఇవాళ్టికి అది చాలు. శరత్కాలంలో రా.”

బయట చెప్పులు వేసుకుంటుంటే నేజు పక్కకొచ్చింది. “నా పేరు పెట్టుకో బాబాయ్. గది నీదే, నేర్పేదీ నువ్వే.”

“నా గదిలో నేను నీకు సహాయకుణ్ణా?”

“వద్దులే అయితే. ఇరుగుపొరుగు ఆకులు రాలేదాకా ఆగుతారా? వీధి చివర జూడో వాళ్ళ దగ్గర చేరిపోతారు.”

అది నిజమే. ఆగమన్న కొనుగోలుదారు మళ్ళీ రాడని అతనికి ఒకరు చెప్పాలా? ఇంటికెళ్ళి పలక మీద ఆమె పేరు తనే రాసి, తనే గుమ్మానికి మేకు కొట్టాడు.

“ఎడమవైపు వాలింది బాబాయ్.”

“వాలనీ!”

చివరికి తేలిన లెక్క ఇది. గది నిండింది. పొద్దున్నుంచీ చెమటోడ్చి నేర్పేది అతను. వారానికోసారి తొంగిచూసే నేజుకు అందరూ వంగి ‘షిదోషి’ అని దణ్ణం పెడతారు. అతన్ని మాత్రం ‘కుండల బాబాయ్’ అంటారు.