హుస్సేన్‌బీ వేలిముద్ర

హుస్సేన్‌బీని జైల్లోంచి వదిలేస్తున్నారని కబురు వచ్చినప్పుడు జాబేజ్ ఆమ్లెట్ వేస్తున్నాడు. పెళ్లయ్యాక మా ఆయన చేసిన మొదటి వంట. అంచులు మాడిపోయాయి. అంత రుచైన ఆమ్లెట్ జెద్దాలో ఇంకెవరూ తిని ఉండరు. ఒకే పళ్లెంలో తినేసి కోర్టుకు పరుగెత్తాం.

హుస్సేన్‌బీది రాయచోటి. పనికి కుదిరిన చోట కొడుతుంటే ఆ ఇంట్లోంచి బయటపడింది. దాంతో వీసా ఇచ్చిన యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, ఆమె మీద గొలుసు దొంగతనం పెట్టాడు. అనుభవించిన శిక్ష చాలు, ఇంటికి పంపుదామని జడ్జి అన్నాడట.

అద్దాల తలుపు అవతల ఆమె సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. మా కళ్లముందే పోలీసమ్మ ఆ సంచి లాక్కుని ఆమెను వెనక్కి తిప్పింది.

దుబాసీ ఖాదర్ తల దించుకుని వచ్చాడు. "కంప్యూటర్ ఒప్పుకోలా మ్మా."

"కంప్యూటరేంటి అన్నా?"

"మళ్లా నేరం జేస్తాదో లేదో లెక్కగట్టే ప్రోగ్రాము. ఈమెకు ఎరుపు చూపించింది. పారిపోయిన పనోళ్ల ఫోన్లన్నీ ఈమె పేరు మీదే ఉండాయంట. ఒక్క మనిషే అన్ని ఇండ్లల్లో నుంచి పారిపోయిందనుకుంది అది. రేపు మళ్లా పిలుస్తారు. కాదని చెప్పేవాళ్లు లేకుంటే ఇంకా రెండేండ్లు."

కొత్తగా దిగినవాళ్లకు ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, చేతికొచ్చేదాకా సిమ్ దొరకదు. అమ్మ గొంతు వినాలని ఏడ్చినవాళ్లందరికీ తన వేలిముద్ర వేసి సిమ్ ఇప్పించింది హుస్సేన్‌బీ. ఇళ్లలో పనికొచ్చిన మణికి, సుజితకు, రిజ్వానాకు, నర్సుగా వచ్చిన నాకూ. ఆ తర్వాత వాళ్లు ముగ్గురూ ఆ ఇళ్లలోంచి పారిపోయారు, కానీ మేమెవరం సిమ్ మీద పేరు మార్పించుకోలేదు.

మధ్యాహ్నం ఖాదర్‌తో కలిసి అందరం మా గదిలో చేరాం.

"సిమ్ము నాదని సెప్తే దొరికిపోనా అక్కా? మళ్లీ ఆ కొంపకే తోలేత్తారు," అంది మణి.

రిజ్వానా లేచింది. "నీ యేడుపు జూడలేకనే గదా ఆయమ్మ వేలేసింది! అప్పుడు ఆయమ్మకు భయం లేదా?"

"నర్సమ్మలకేం, ఆళ్లు పారిపోలేదుగా," మణి నావైపు తిరిగింది.

"నా సిమ్మూ ఆమెదే మణీ. పెళ్లికి ముందు జాబేజ్‌తో నా కబుర్లన్నీ హుస్సేన్‌బీ పేరు మీదే నడిచాయి."

"అయితే బావగారు మనసిచ్చింది హుస్సేన్‌బీకన్నమాట!" అంది సుజిత. మణి కూడా నవ్వేసింది.

నవ్వు ఆగాక అడిగాను. "ఆ ప్రోగ్రాముకు లెక్కలు నేర్పినవి కఫీళ్ల ఫిర్యాదులు. మన ఒంటిమీది వాతలు దానికెవరు చెప్పారు?"

నా కొత్త నల్లపూసలకున్న పిన్నీసు తీసి ఫోన్ అంచునున్న చిన్న రంధ్రంలో గుచ్చాను. సిమ్ బయటికొచ్చింది. జాబేజ్ దాని కింద అరచెయ్యి పట్టాడు. సిమ్ సంగతి తెలిసి ఆస్పత్రివాళ్లు నన్ను తీసేస్తే మా కాపురం ఇక్కడితో సరి. అతనికీ తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పిన్నీసు రిజ్వానాకు వెళ్లింది, సుజితకు వెళ్లింది. చివరికి మణి చెయ్యి చాపింది. "ఇటియ్యి."

రిజ్వానా ఖాదర్ వైపు తిరిగింది. "రేపు పొద్దున కోర్టు తలుపు తీసేసరికి అందరం ఆడ ఉంటాం. ఒక్కొక్కరే పోయి జడ్జి ముందర సిమ్ము పెడతాం. ఇది నాది అంటాం. పారిపోయింది మేము, ఎందుకు పారిపోయినామో అడుగు అంటాం. నువ్వు ఒక్క మాట మింగకుండా అరబ్బీలో చెప్పాల, ఖాదర్ భాయ్."