వెనక సీట్లో వినబడిన చప్పుడు

కారు ముందు చక్రాలు రెండూ విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. జాకీతో పైకి లేపి, రెండు వైపులా స్టాండ్లు పెట్టి, కోడలు పాత దుప్పటి మీద చతికిలబడి కూర్చుంది. ఇప్పుడే ఊడదీసిన డ్రాప్ లింకు ఆమె చేతిలో ఉంది. చక్రం వెనక ఉండే జానెడు ఇనుప కడ్డీ, రెండు కొసలా గుండ్రటి కీళ్ళు. కొత్తదాని కీలు బలమంతా పెట్టి తిప్పితే గానీ కదల్లేదు. ఈ పాతది ఊడబోయే పాలపన్నులా చిటికెనవేలికే ఊగిపోతోంది.

"గోతుల్లో కడక్ కడక్ అనేది ఇదేనన్నమాట," అన్నాడు భర్త, ఫోన్లో వీడియో ఆపి. "నాన్న అప్పట్లో గోల పెట్టింది ఇలాంటి చప్పుడు గురించే కదూ?"

ఆమె కడ్డీ పక్కన పెట్టి స్పానరు అందుకుంది. అతనే మళ్ళీ అన్నాడు. "అయినా అప్పుడు నీకేం వినబడలేదుగా. ఇది ఈమధ్య వచ్చిందయ్యుంటుంది."

కారు చూసిన టైర్ల షాపువాడు మాత్రం అలా అనలేదు. "చాలా కాలంగా అరుగుతోందమ్మా, ఇంత చప్పుడూ మీకు తెలీలేదా?" అన్నాడు. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు.

తెలియకేం. మామగారు వెనక సీట్లోంచి "టక్కుమంటోంది, విన్నావా అమ్మా?" అని అడిగిన మొదటి రోజే ఆమెకూ వినబడింది. ఆ పూట ఆఫీసుకు ఆలస్యమైంది. అవునంటే ఆయన అక్కడే కారు ఆపించి, వంగి చూసి, ఇంటికి తిప్పించేదాకా ఊరుకోరు. "లేదు మామయ్యా" అనేసింది. ఒకసారి లేదన్నాక రెండోసారి ఉందనడానికి నోరు రాలేదు. ఆ తర్వాత ఆయన ఎప్పుడడిగినా అదే జవాబు. భర్త కారెక్కితే పాటలు తప్ప ఇంకేం వినడు. "దానికే వినబడలేదు, నీకెలా వినబడింది నాన్నా?" అని నవ్వేవాడు.

మామగారు బతుకంతా కుట్టుమిషన్లు బాగుచేశారు. చక్రం తిప్పి, చెవి ఆనించి, లోపం ఎక్కడుందో చెప్పే మనిషి. అలాంటాయన ఈ కారు సంగతి తర్వాత, మిషను తెచ్చినవాళ్ళను "మీకూ వినబడుతోందా?" అని అడగడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు మిషన్లు తీసుకోవడమే మానేశారు. పనిముట్ల పెట్టె బజారు చివర మిషన్ల దుకాణం అతనికి ఇచ్చేస్తానన్నారు. అతను ఇవాళే వస్తున్నాడు.

రెండో వైపు నట్టు మొరాయించింది. స్పానరు తిప్పుతుంటే బోల్టు కూడా దాంతోపాటే గిర్రున తిరుగుతోంది.

"వీడియోలో వాడు చిటికెలో తీసేశాడే!"

"వాడి పక్కన మీలాంటి మొగుడు లేడు మరి. ఆ ఫోను పక్కన పెట్టి నూనె చుక్క వెయ్యండి."

బోల్టు కొసన ఆరు పలకల గుంట ఉంది. అందులో సరిగ్గా పట్టే అలెన్ కీ దూర్చి కదలకుండా పట్టుకుని నట్టు తిప్పాలి. ఆమె దగ్గరున్న కీ జారిపోతోంది. అరుగు మీద మామగారు పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి గుడ్డలో చుడుతున్నారు.

"మామయ్యా, ఈ సైజు కీ ఉందా?"

ఆయన వెతకలేదు. చెయ్యి పెట్టి తీసి అందించారు. "పనవగానే ఇచ్చెయ్యమ్మా. అది ఇంక మనది కాదు."

ఆ మాటకు ఆమె ప్రాణం చివుక్కుమంది. తల దించుకుని కీ బిగించింది. నట్టు కిర్రుమని వదిలింది. కొత్త లింకు ఎక్కించి, బిగించి, చక్రాలు తొడిగి, కారు కిందికి దించేదాకా ఇంక తల ఎత్తలేదు.

"రా నాన్నా, ఓ చుట్టు తిరిగొద్దాం," అన్నాడు భర్త. ఆయన వద్దన్నా వినకుండా వెనక సీట్లో కూర్చోబెట్టాడు.

ఆమే నడిపింది. వీధి చివర స్పీడు బ్రేకరు దాటింది, ఆ పైన గోతుల రోడ్డు. కారు మెత్తగా లేచి మెత్తగా దిగింది.

"ఏం నాన్నా, ఏమైనా చప్పుడుందా?"

"నన్నడక్కురా. అమ్మాయినడుగు. దాని చెవులు మంచివి."

అందులో ఎత్తిపొడుపు లేదు. అదే ఆమెను కాల్చేసింది. ఆయన తిట్టినా బాగుండేది. కారు పక్కకు తీసి ఆపింది.

"మామయ్యా, నాకూ వినబడేది."

"ఏంటి?"

"ఆ టక్కుమనడం. మీరు మొదటిసారి అడిగినప్పుడే వినబడింది. ఆఫీసుకు ఆలస్యమవుతుందని లేదన్నాను. తర్వాత చెప్పలేకపోయాను."

భర్త చప్పున ఆమె వైపు తిరిగాడు. అద్దంలోకి చూసే ధైర్యం ఆమెకు లేదు.

"ప్రతిసారీ వినబడిందా?" అన్నారు మామగారు.

"ప్రతిసారీ."

"నేను పిచ్చివాడిలా కనబడ్డవాళ్ళందర్నీ అడుగుతుంటే, చూస్తూ ఊరుకున్నావా?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "ఇంటికి పోనీ."

గేటు దగ్గర దుకాణం అతను సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మామగారు కారు దిగి నేరుగా అతని దగ్గరకే వెళ్ళారు.

"నిన్ను ఊరికే తిప్పానయ్యా, ఏమీ అనుకోకు. పెట్టె ఇవ్వట్లేదు."

"అదేంటి పెద్దాయనా, చెవులు పని చెయ్యట్లేదన్నారుగా?"

"చేస్తున్నాయట. ఇప్పుడే తెలిసింది."

అతను నవ్వేసి, తన దగ్గర మొండికేసిన మిషనొకటుందని, వచ్చి చూడమని చెప్పి వెళ్ళిపోయాడు. మామగారు అరుగెక్కి, చుట్టిన గుడ్డలన్నీ విప్పి పనిముట్లు మళ్ళీ పెట్టెలో సర్దుకున్నారు. ఆమె వెళ్ళి, కీ గుడ్డతో తుడిచి ఆయన ముందు పెట్టింది. పెట్టె బరువైంది, ఎప్పుడూ ఇద్దరూ చెరో పక్క పట్టుకుని లోపలికి చేరుస్తారు. అలవాటుగా వంగి ఒక పిడి పట్టుకుంది.

"వదులు. నేను మోసుకుంటాను."

ఆయన ఒక్కరే దాన్ని ఎత్తారు. గడప దగ్గర ఒకసారి దించి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తారు. భర్త ఒక అడుగు ముందుకు వేసి, తండ్రి మొహం చూసి ఆగిపోయాడు. ఆమె గ్రీజు చేతులతో అరుగు కిందే నిలబడిపోయింది.