సగం అద్దం

1993లో తమిళనాడు కోవిల్పట్టి బస్టాండు వీధిలో కళ్ళజోళ్ళ కొట్టు తెరిచేనాటికి రంగప్ప చేతిలో ఉన్నవి ఇవి: అరుప్పుకోట్టైలో పాతగా కొన్న సానరాయి, చూపు పరీక్షించే లెన్సుల పెట్టె, శుక్లాలు తీయించుకున్నవాళ్ళకు పెట్టే మందపాటి ప్లస్ పది లెన్సులు రెండు డజన్లు. సానరాయి అన్నం పెట్టింది. పెట్టె పేరు తెచ్చింది. మందం లెన్సులు మాత్రం బీరువాలోనే ముసలివయ్యాయి. డాక్టర్లు కంటి లోపలే లెన్సు పెట్టడం మొదలయ్యాక వాటి ముఖం చూసినవాడు లేడు.

2002లో వాటిని చూసింది అక్క కూతురు బృంద. విరుదునగర్‌లో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది.

"ఏమి మామా, వీటిని పారేయకుండా పూజకు పెట్టినావా?"

"పారేసేది చేతకాకనే యాపారి అయినాను పాపా."

ఆమె పరీక్షకు ఒక కళ్ళజోడు చేయాలి. నడుముకు కట్టుకున్న చిన్న కంప్యూటర్ రాసే అక్షరాలు కంటి ముందు తేలాలి, వాటి వెనక లోకమూ కనబడాలి. మిల్లులో మెషిన్ విప్పేవాడు పుస్తకం పట్టుకోకుండా పని చేసుకోవచ్చునని ఆమె ఆలోచన. తెర కోసం పాత పెళ్ళి వీడియో కెమెరాలో కన్ను పెట్టి చూసే చిన్న తెరను ఊడదీసింది. ఈసారి తప్పితే చదువు చాలించమని ఆమె నాన్న చెప్పేశాడు. ఆయన్ను ఇంతదాకా ఒప్పించింది రంగప్పే.

కంటి దగ్గర పెట్టిన తెర మసకగా ఉంది. రంగప్ప రెండు మందం లెన్సులు జోడించాడు. పదీ పదీ ఇరవై, నూరు సెంటీమీటర్లను ఇరవైతో భాగిస్తే ఐదు. తెరను ఐదు సెంటీమీటర్ల దూరంలో బిగించగానే అక్షరాలు వీధి చివర నిలబడ్డట్టు తేటపడ్డాయి.

ఇక కావలసింది వాటిని కంట్లోకి తిప్పుతూనే అవతలి వస్తువునూ చూపే, వెండి పలుచగా పూసిన అద్దం. విరుదునగర్‌లో అద్దాలకు వెండి పూసే పేచ్చిముత్తుకు రంగప్ప ఫోను చేసి, వెనక ఎర్ర పెయింటు వేయొద్దని చెప్పి, సగం అద్దం కావాలని తమిళంలో అడిగాడు: "పాది కణ్ణాడి." ముఖం చూసుకునేదీ కణ్ణాడే, కిటికీకి బిగించేదీ కణ్ణాడే. ఇంటి తెలుగులోనూ అంతే, రెండూ అద్దాలే. పరీక్ష గురువారం. మంగళవారం పొట్లం విప్పితే, పలకకు పై సగం పూర్తిగా వెండి, కింది సగం వట్టి గాజు.

మళ్ళీ ఫోను చేస్తే, సగం అడిగితే సగం పూశానని పేచ్చిముత్తు అన్నాడు. వెండి మందు సోమవారం దాకా రాదట.

"అంతా పాయ మామా," అని బృంద మెట్టు మీద కూర్చుంది. "ఇంకొక వరుసం చదివేదానికి నాన్న ఒప్పుకోడు."

రంగప్ప పలకను చేతిలోకి తీసుకున్నాడు. రెండు చూపుల కళ్ళజోడు కొన్న ప్రతివాడూ మధ్య గీత అడ్డమొస్తుందని పోట్లాడేవాడు. తొమ్మిదేళ్ళుగా ఏ అద్దం చూసినా ఆయన కన్ను ముందు గీత మీదికే పోయేది. ఇక్కడ గీత దగ్గర వెండి జారి పలుచబడింది.

"పాపా, ఇటు చూడు. ఈ గీత కాడ బస్సూ కనబడతా ఉంది, నా మీసమూ కనబడతా ఉంది."

వేలెడు వెడల్పు అంచు అది. కోస్తే మొదటి ముక్క నిలువునా చిట్లింది. రెండోది కోసేటప్పుడు బృంద కళ్ళు మూసుకుంది. ఆ ముక్క నిలిచింది.

బుధవారం ఎండ తగ్గాక రంగప్ప జోడు పెట్టుకున్నాడు. అద్దంలో తిరగబడకుండా బృంద అక్షరాలను ముందే తిప్పి, చుక్కలుగా పేర్చింది. ఎదుట పల్లీ చిక్కీలమ్మే కడలమిట్టాయి కొట్టు మీద, ఇద్దరూ బడిలో నేర్చిన తమిళ లిపి తెల్లగా తేలింది. చదివాడు. మాటలు తమిళం కావు, ఇంటి తెలుగు:

"మామా, కనబడతా ఉందా?"

ఇంట్లో పుట్టి ఇంట్లోనే తిరిగే ఆ మాటలను ఆయన ఎన్నడూ రాతలో చూడలేదు. బృంద జోడు తీయమంటే, ఫోకస్ ఇంకా సరిచూడాలని అబద్ధమాడి చాలాసేపు ఉంచుకున్నాడు.

గురువారం పరీక్షకుడు వరండాలోకి చూస్తూ అక్షరాలన్నీ చదివి, బృందను ప్యాస్ చేశాడు.

ఇప్పుడు లెక్క చూస్తే, పోయినవి రెండు పాత లెన్సులు, ఒక అద్దం పలక. వచ్చినవి బృందకు డిగ్రీ, ఆయనకు నలభై ఆరేళ్ళు నోటితోనే వాడిన భాషలో కంటితో చదివిన ఒక్క వాక్యం.