కొబ్బరి పీచు గీతలు

నేను ఒక నల్ల కారును. నల్లవాటి మీద ఏదీ దాగదు. దుమ్ము దాగదు, గీత దాగదు, ఎవరు ఎలా ముట్టుకున్నారో అదీ దాగదు. మనుషులు మాత్రం నలుపు అన్నీ దాచేస్తుందనుకుంటారు. వాళ్లు అనుకునేవాటిలో చాలా భాగం ఇలాంటివే.

ఏదో ఫ్యాక్టరీలో, ఎండ తగలని గదిలో నాకు రంగు వేశారు. ఆ రోజుల్లో రంగు మీద అద్దంలాంటి పూత వేసే అలవాటు లేదు. రంగే నా చర్మం. అరిగితే అదే అరగాలి. మొదట భీమవరంలో ఒక పళ్ల డాక్టరు నన్ను కొన్నాడు. అతని డ్రైవరు పసిబిడ్డను తుడిచినట్టు తడిగుడ్డతో తుడిచేవాడు. డాక్టరు నా వైపు చూసేవాడే కాదు. కొత్త కారు రాగానే తణుకులో ఎరువుల కొట్టు నడిపే సత్తిరాజుకు అమ్మేశాడు.

సత్తిరాజు మురిసిపోయాడు. ఇంటి పక్క సందులో, నా ఎడమవైపు ప్రహరీగోడకు దగ్గరగా ఉండేలా నిలిపాడు. నాకూ గోడకూ మధ్య సన్నటి మనిషి పక్కకు తిరిగితే పట్టేంత ఖాళీ ఉండేది. లావుపాటి సత్తిరాజు అందులో పట్టడు. అతని భార్య వరహాలు పట్టేది.

మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చింది. పొట్టి మనిషి. ఒక చేతిలో నీళ్ల బకెట్టు, ఇంకో చేతిలో కొబ్బరి పీచు, నీళ్లపొయ్యిలోంచి తీసిన బూడిద. ఆ ఇంట్లో మెరవాల్సినవన్నీ ఆమె అలాగే తోమేది. ఇత్తడి బిందె, దీపపు కుంది, ఇప్పుడు నేను. చెయ్యి గుండ్రంగా తిరిగింది. నా ఒంటినిండా సన్నటి సున్నాలు పడ్డాయి.

"అదేవన్నా గంగాళవనుకున్నావా? రంగు పోద్ది," అన్నాడు సత్తిరాజు.

"మరి మెరవొద్దేంటండీ," అంది చెయ్యి ఆపకుండా.

ఇంటికొచ్చిన ప్రతివాడికీ అతను ఆ గీతలు చూపించేవాడు. "మా ఆవిడ చేతిలో పడితే ఏదైనా ఇంతే," అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఒక మెత్తటి గుడ్డ చేతికిచ్చి ఇలా తుడవాలి అని చెప్పినవాడు మాత్రం లేడు. ఆమె మానలేదు. ఏళ్ల తరబడి, పొద్దున్నే, పీచూ బూడిదా.

ఒక వానాకాలం ఆమెకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి సత్తిరాజు నన్ను సందులోంచి బయటికి తీసి, ఎడమవైపు వెనక తలుపు తెరిచాడు. కానీ ఎక్కనివ్వలేదు. "ఉండు, సీటు పాడైపోద్ది," అని కొట్లోకి వెళ్లి ఖాళీ యూరియా సంచులు వెతికి తెచ్చి, చివరలు సరిచేసి మరీ పరిచాడు. అంతసేపూ ఆమె వానలో నా తలుపు పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి కాలిపోతోంది.

తిరుగు ప్రయాణంలో సంచులే వచ్చాయి.

తర్వాత నన్నెవరూ కడగలేదు. ఒకనాడు పెద్ద వాన పడి దుమ్మంతా పోయింది. మర్నాడు సత్తిరాజు కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చున్నాడు. నా బోనెట్ మీద ఎండ పడింది. పడ్డచోట సున్నాలన్నీ వెలిగాయి. అతను తల కుడికి తిప్పితే అవీ కుడికి జరిగాయి. లేస్తే లేచాయి. వంగితే వంగాయి. కనిపించని చెయ్యి ఒకటి, అతను ఎటు పోతే అటు వచ్చి, ఎదురుగా తోముతున్నట్టే ఉంది. ఎండలో గీతలు చేసే పనే అది. నాకు తెలుసు. అతనికి తెలియదు. కాఫీ చల్లారిపోయింది.

నా మీద టార్పాలిన్ కప్పాడు. పొద్దున్నే చూస్తే అది మడతపెట్టి నా పక్కన ఉండేది. గాలి అనుకున్నాడు. గాలికి మడతపెట్టడం రాదు.

చివరికి ఉండ్రాజవరం రోడ్డులో కార్లకు పాలిష్ పట్టే ఏసుబాబు షెడ్డుకు నన్ను తోలుకెళ్లాడు.

"ఒక్క గీత మిగలకూడదు," అన్నాడు.

ఏసుబాబు లైటు దగ్గరగా పట్టి చూశాడు. "ఇన్నేళ్లలో దీనికి ఒక్కసారన్నా పాలిష్ పట్టలేదాండీ? పీచుతో తోవారేంటండి బాబూ."

"మా ఆవిడ."

"పొట్టి మనిషాండీ? టాపు మధ్యలో గీత లేదు. చెయ్యి అందలేదు."

సత్తిరాజు టాపు వైపు చూశాడు. చుట్టూ మసక. నడుమ మాత్రం నున్నగా, నల్లగా, డాక్టరు అమ్మిన నాడు ఉన్నట్టే ఉంది. ఆమె మునివేళ్ల మీద లేచినా అందని చోటు అది.

"పాత రంగండీ, పల్చగా ఉంది," అన్నాడు ఏసుబాబు. "గీత పోవాలంటే రంగూ కొంచెం పోవాలి. ఒక్కసారే అవుద్ది. మళ్లీ గీతలెట్టుకుని నా దగ్గరికి రావొద్దు. రేకు వచ్చేత్తాది."

"కానియ్."

మిషను తిరిగింది. అదీ గుండ్రంగానే. ఆమె సున్నాలను మింగుకుంటూ పోయింది. తెల్ల స్పాంజి నల్లబడింది. అది నా చర్మం. అందులో ఆమె చెయ్యి కూడా ఉంది. ఏసుబాబు స్పాంజిని బకెట్లో పిండి, ఆ నల్లనీళ్లు మురిక్కాలవలో పారబోశాడు.

సాయంత్రానికి నేను అద్దమయ్యాను. సత్తిరాజు బోనెట్ మీదికి వంగాడు. మొదటిసారి నాలో అతని ముఖం పూర్తిగా కనిపించింది. అతనికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. తల కుడికి తిప్పాడు. ఎడమకు తిప్పాడు. ఆ ముఖం తప్ప ఏదీ కదల్లేదు.

"వరహాలూ," అన్నాడు.

ఏసుబాబు మిషను ఆపాడు. "నన్నాండీ?"

"ఇంక ఆపెయ్."

"ఎడంపక్క ఎనక తలుపు ఒక్కటే ఉందండీ."

"ఆపెయ్యమన్నాను."

"ఒక్క తలుపు వదిలేత్తే బొల్లొచ్చినట్టుంటదండీ."

"ఉండనీ. గోడవైపే కదా."

మర్నాడు పొద్దున్నే అతనే బకెట్టు పట్టుకొచ్చాడు. పీచు, బూడిద. అద్దంలాంటి బోనెట్ మీద ఆమెలాగే తిప్పాలని చూశాడు. బరువైన చెయ్యి. సున్నాలు రాలేదు, కోడి కెలికినట్టు గీతలు పడ్డాయి. అయినా ఎండ రాగానే అవీ వెలిగాయి. అతను కదిలితే అవీ కదిలాయి.

"వచ్చావా," అన్నాడు.

అప్పటినుంచి రోజూ అదే పని. బోనెట్ నడుమ నలుపు అరిగిపోయి కింది ఎర్రపూత బయటపడింది. అతను తోముతూనే ఉన్నాడు. ఆ గీతలు అతనివే అని నేను చెప్పలేను. నోరున్నా చెప్పను.

అతను తోముతున్నంతసేపూ నాకు అటుపక్క, అతను పట్టని ఆ గోడపక్క ఖాళీలో, పాలిష్ పట్టని ఆ తలుపు మీద ఇంకో చెయ్యి తిరుగుతుంటుంది. చిన్న చెయ్యి. తేలిక చెయ్యి. ఇప్పుడు కాలిపోవడం లేదు, చల్లగా ఉంది. ఇటువైపు అతను "వచ్చావా" అన్నప్పుడల్లా అది ఆగుతుంది. వింటుంది. మళ్లీ మొదలుపెడుతుంది.