ఇష్టమని చెప్పిన చన్నీళ్లు

“మా కోడలికి చన్నీళ్లంటేనే ఇష్టం” అని అత్తగారు ఇంటికొచ్చిన వాళ్లందరికీ గొప్పగా చెప్పేది. గీజరు చిన్నది. మామగారూ అత్తగారూ భర్తా పోసుకున్నాక, పిల్లలిద్దరికీ కలిపి ఒక్క బకెట్టు వచ్చేది. కోడలి వంతుకు గోరువెచ్చన కూడా మిగిలేది కాదు. మొదట్లో ఒళ్లు ఝల్లుమనేది. “చన్నీళ్లు ఒంటికి మంచివేలే” అన్నాడు భర్త, పొగలు కక్కే తల తుడుచుకుంటూ. ఎవరో అడిగితే, ఇంట్లోవాళ్ల పరువెందుకు తీయడమని “నాకివే హాయి” అంది. అనగా అనగా తనే నమ్మేసింది. చలికాలంలో కూడా పళ్లు బిగబట్టి నాలుగు చెంబులు గుమ్మరించుకుని, రక్తపరీక్షల ల్యాబుకు పరుగెత్తేది.

కొత్త మెషీను నేర్చుకురమ్మని ల్యాబువాళ్లు ఆమెను వేరే ఊరు పంపారు. హోటలు గదిలో పొద్దున్నే అలవాటుగా చన్నీళ్ల పంపు తిప్పబోయి ఆగింది. ఇక్కడ తనకన్నా ముందు వంతులో ఎవరూ లేరు. రెండో పంపు తిప్పింది. మొదటి చెంబు భుజాల మీద పడగానే, ఏళ్లుగా బిగుసుకున్న వెన్ను ఒక్కసారిగా వదులైంది. హాయిగా ఉండాల్సింది పోయి కడుపు మండిపోయింది. వేడినీళ్లు వాళ్లు తీసుకున్నారు, సరే. ఇష్టమన్న మాట కూడా తన నోటితోనే చెప్పించారే! చల్లారిన భోజనం, ఫ్యాను గాలి తగలని మంచం మూల, సర్దుకుపోయే మనిషన్న పేరు... వీటిలో తనకు నిజంగా నచ్చినదేది? బకెట్టు ఖాళీ అయినా అక్కడే కూర్చుండిపోయింది.

తిరిగొచ్చిన మర్నాడు వంటింట్లో లంచ్ బాక్సులు సర్దుతోంది. భర్త ఇంకా నిద్ర లేవలేదు. పెద్దదవుతోందని కూతుర్ని విడిగా స్నానం చేయమన్నారట. వరండాలోంచి దాని గొంతు వినిపించింది.

“తమ్ముణ్ణే పోసుకోనీ నానమ్మా. నాకు చన్నీళ్లంటేనే ఇష్టం.”

“అచ్చం అమ్మ పోలికే, నా బంగారం!” అత్తగారు మురిసిపోయింది.

చేతిలోని మూత నేలకేసి కొట్టాలనిపించింది. కూతురి చెయ్యి పట్టుకుని బాత్రూములోకి లాక్కెళ్లి గడియ పెట్టింది. వేడినీళ్ల పంపు తిప్పింది.

“నాకివి వద్దమ్మా.”

“పోసుకుని చూడు. అప్పుడు చెప్పు.”

ఒక చెంబు పోసింది. పిల్ల కళ్లు మూసుకుంది. తెరవకుండానే, “ఇంకోటి పొయ్యవా?” అంది.

తలుపు దబదబమంది. “నాకు ఆఫీసు టైమవుతోంది! వేడినీళ్లన్నీ మీరే అవగొడితే నేనేం పోసుకోవాలి?” భర్త అరిచాడు.

“చన్నీళ్లు పోసుకోండి” అంది ఆమె, ఇంకో చెంబు ముంచుతూ. “ఇష్టం లేకపోయినా పర్లేదు. ఇష్టమని మాత్రం ఎవరికీ చెప్పకండి.”